శవానికి నలభై రోజులు, నాకు ఒక్క నిద్ర

నాకు అక్షరాలు అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా మరిది కూతురు రాస్తోంది.

మా ఆయన పోయాక అంగలకుదురు ఇంట్లో నన్ను పడమటి గదిలో కూర్చోబెట్టారు. మాలో ఒక ఆచారం ఉంది. పెద్దకర్మ అయ్యాక పుట్టింటివాళ్లు వచ్చి ఆడమనిషిని తీసుకెళ్లి తమ ఇంట ఒక రాత్రి పడుకోబెట్టాలి. నిద్ర చేయించడం అంటారు. అప్పటిదాకా ఆమె గడప దాటకూడదు. నా పుట్టిల్లు రేపల్లె. ఉన్నది ఒక్క తమ్ముడు. వాడికీ మా ఆయనకీ మాటల్లేవు. ఫోన్ చేస్తే, "వస్తాలే అక్కా, కోతలు కానీ" అనేవాడు. కోతలు అయ్యాయి, మినుములూ అయ్యాయి. కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ. అంతే.

ఈ పిల్ల అవతలి గదిలో పరీక్షకు చరిత్ర పైకి చదివేది. శకులట, ఎక్కడో చెట్టూ చేమా లేని గడ్డినేలల్లో గుర్రాల మీద బతికారట. బండ్లే ఇళ్లు. మనిషి పోతే శవాన్ని బండెక్కించి నలభై రోజులు అయినవాళ్ల ఇళ్లన్నీ తిప్పేవారట. ప్రతి ఇంటా శవానికీ వడ్డించేవారట. రాజు పోతే ఆడదాన్నీ వంటవాణ్ణీ గుర్రాలనూ చంపి ఆయనతో పాటే పూడ్చేవారట.

"మళ్లీ చదువమ్మా," అన్నాను.

"పరీక్ష నీకా నాకా పెద్దమ్మా?"

"ఆ ఆడది ఏమీ అనలేదా?"

"అన్నా రాసిందెవరు? వాళ్ల సమాధి దిబ్బ ఇంకోటి తవ్వితే ఆడమనిషి ఎముకల పక్కన బాణాలు దొరికాయంట. యుద్ధాలు చేసిందంట."

రెండు రోజులు అన్నం సహించలేదు. చచ్చినవాడికి అన్ని ఇళ్లు. నాకు ఒక్క ఇంటికి దారి లేదు.

మూడోనాడు పొద్దున్నే చీర మార్చుకుని వచ్చాను. తోడికోడలు ముగ్గు వదిలేసి అడ్డొచ్చింది.

"ఎవరూ రాకుండా ఎక్కడికక్కా? ఇంటికి అరిష్టం."

"వాడొచ్చేలోగా నేను చచ్చిపోతే, నన్ను బండెక్కించి తిప్పుతారటే?"

దానికేం అర్థమవుతుంది! నేను తెనాలి వెళ్లి రైలెక్కాను.

రేపల్లెలో తమ్ముడి భార్య గుమ్మంలోనే అంది, "మేం వచ్చి తీసుకురాకుండా వచ్చేశావేంటొదినా? ఇది నిద్ర కిందికొస్తుందా?"

తమ్ముడు తలెత్తలేదు. చాప మాత్రం తెచ్చి వసారాలో పరిచాడు.

మర్నాడు తిరిగొచ్చాను. తోడికోడలు కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. గది అదే, గోడ అదే. పొద్దున్నే వీధి తలుపు మాత్రం నేనే తీస్తున్నాను.