మేడ మెట్ల మీద థెరపీ

మేనేజర్ నుంచి ఫోన్ వస్తే చాలు, నాకు భయమేసేది. ఉద్యోగుల ఒత్తిడి తగ్గాలని కంపెనీ ఆన్‌లైన్ థెరపీ ఏర్పాటు చేసింది. లాల్‌దర్వాజాలో మాది ఒకే గది ఉన్న అద్దె ఇల్లు కాబట్టి, మేడ మెట్ల మీద కూర్చుని మాట్లాడేదాన్ని.

"ఫోన్ మోగగానే ఏమనిపిస్తుంది?" అని థెరపిస్టు అడిగింది.

"నన్ను తీసేస్తరని."

"అలా అనుకోవడానికి ఆధారం ఉందా?"

"నా పక్కసీటు అమ్మాయిని గట్లనే ఫోన్ చేసి తీసేసిన్రు."

"అయితే మీ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ ప్రతి ఫోనూ అందుకే రాదు కదా," అంది.

కిందికి దిగేసరికి అత్తమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"గింత ఫికర్ కడుపుల పెట్టుకొని మాకెందుకు చెప్పలే బిడ్డా?"

నాకు ఏడుపు ఆగలేదు. భయం ఇప్పటికీ పోలేదు, ఇంట్లో దాచడం మాత్రం మానేశాను.