లైన్ తాత సంచి

లైన్ తాత చదివింది ఊరి బడిలో అయిదో తరగతి. అందులో లెక్కల్లో మొదటివాడు, అడగకపోయినా చెబుతాడు. ముప్ఫై నాలుగేళ్లు కరెంటు స్తంభాలెక్కాడు. పదకొండు గాలివానల్లో తెగిన తీగలు కలిపాడు. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. కావాలంటే చొక్కా విప్పి చూపిస్తాడు, కోడలు వద్దు మొర్రో అన్నా సరే.

ఆ ఇంట్లో ‘లైన్’ అనే మాటకు క్షణం తీరిక ఉండదు. కుళాయి దగ్గర బిందెల వరస లైనే. ఫోను పలక్కపోతే లైన్ దొరకలేదంటారు. మనవరాలు ఉత్తరం నాలుగు లైన్లలో ముగిస్తుంది. ఫోటో స్టూడియో అబ్బాయి ఆ పిల్లకు లైన్ వేస్తున్నాడని కోడలు సణుగుతుంది.

“ఒక్క మాట చేత ఇంత చాకిరీ చేయిస్తే, దాన్నెలా నమ్ముతావే అమ్మడూ?” అనేవాడు తాత, మనవరాలికి స్తంభమెక్కడం నేర్పేటప్పుడూ, అన్నం తినేటప్పుడూ. “కిందనుంచి ఎవడో ‘లైన్ లేదు, ఎక్కు’ అంటాడు. నమ్మకు. పెట్టె తెరువు, ఫ్యూజులు నీ చేత్తో పీకు, నీ సంచిలో వేసుకో. అవి నీ భుజాన ఉన్నంతసేపు ఎవడూ కరెంటు ఇవ్వలేడు.”

“అన్నం దగ్గర కూడా ఇదే పాఠమా తాతా?”

“నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్పాలి.”

లైన్‌మన్ ఉద్యోగాల ఎంపిక రోజు రానే వచ్చింది. రెండు నిమిషాల్లో స్తంభమెక్కి, పైన కట్టిన ఎర్రగుడ్డ ముట్టుకోవాలి. తప్పితే మళ్లీ రెండేళ్లు ఆగాల్సిందే. తాత కంచె బయట నిలబడ్డాడు.

ఈల మోగింది. మనవరాలు స్తంభాన్ని ముట్టుకోనేలేదు. తాత పాత సంచి పట్టుకుని తిన్నగా వెళ్లి కింద ఉన్న ఫ్యూజుల పెట్టె తెరిచింది.

“ఏమ్మా, ఇది పరీక్ష స్తంభం. కరెంటే లేదు, ఎక్కు!” అన్నాడు అధికారి, గడియారం చూస్తూ.

“మీరు చెప్పారు సార్. సంచి ఇంకా చెప్పలేదు.”

వెనకున్నవాళ్లు గొల్లుమన్నారు. “ఫ్యూజులు ఇంటికి పట్టుకుపోతుందేమో చూడండి సార్!” అన్నాడొకడు.

మూడో ఫ్యూజు బిగుసుకుపోయింది. తాత కంచె పట్టుకుని ముందుకు వంగాడు. ‘వదిలెయ్, ఎక్కెయ్’ అని అరవబోయాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఏ మనిషితోనూ అనని మాట అది, నాలుక తిరగలేదు. చూస్తుండగానే అర నిమిషం ఆవిరైపోయింది.

మూడోదీ ఊడొచ్చి, సంచి భుజానికెక్కగానే ఆ పిల్ల ఉడతలా పాకింది. ఎర్రగుడ్డ ముట్టుకునేసరికి ఇంకా ఆరు సెకన్లున్నాయి.

దిగి ఫ్యూజులు యథాస్థానంలో పెట్టింది. అధికారి కాగితం మీద ‘ఎంపిక’ అని రాసి తర్వాతివాడి వైపు తిరిగాడు. “ఏం చూస్తున్నావ్? ముందు పెట్టె తెరువు.”

ఇందాక వెటకారమాడినవాడే అతను. “అక్కా, ఆ సంచి ఒకసారి ఇస్తావా?” అన్నాడు నసుగుతూ.

తాత పక్కనున్న మనిషి భుజం తట్టి, “ముప్ఫై నాలుగేళ్లండీ, పదకొండు గాలివానలు...” అని మొదలుపెట్టి, ఆగాడు.

“నా సంగతి తర్వాత చెబుతాను. అదుగో, ఆ సంచి ఇస్తున్న పిల్ల ఉందే, అది మా మనవరాలు.”