మనోళ్లు ఓడిన శనివారం

కువైట్‌లో, రుమైథియాలో ఒక ఆస్ట్రేలియా ఇంజనీరుగారింట్లో నేను వంటవాణ్ణి, ఇంకొకతను డ్రైవరు. ఇద్దరిదీ రాయచోటి పక్కే. నా తర్వాత ఆరేళ్లకు వచ్చిన అతను, నెల తిరక్కుండానే సార్ ఊరి ఫుట్‌బాల్ జట్టును ‘మనోళ్లు’ అనడం మొదలుపెట్టాడు. కోడిగుడ్డులాంటి బంతిని చేత్తోనూ కాలితోనూ కొట్టే ఆ ఆటలో అతనికి ఒక్క రూలూ తెలీదు. అయినా శనివారం పొద్దున సార్ అతన్ని పిలిచి సోఫాలో పక్కన కూర్చోబెట్టుకునేవారు. నేను టీ అందించి వంటింట్లోకి వచ్చేసేవాణ్ణి. కడుపు మండేది.

ఒక శనివారం ఆ జట్టు చిత్తుగా ఓడింది. సార్ టీవీ కట్టేసి తల పట్టుకున్నారు. అతనూ తల పట్టుకున్నాడు. కాసేపటికి సార్ అతని భుజమ్మీద చెయ్యేశారు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి నా భుజమ్మీద పడింది లేదు.

ఇద్దరూ టిఫిను ముట్టలేదు.

“నీకేం పోయిందిరా?” అన్నాను, అతను వంటింట్లోకి రాగానే.

“మనోళ్లు అట్లా ఓడిపోతే ముద్ద దిగుతాదా అన్నా?”

ముగ్గురికీ చేసిన ఉప్మా పంతానికి నేనొక్కణ్ణే తిన్నాను.

తర్వాతి శుక్రవారం గిన్నెలు తోముతూ, అతనివైపు చూడకుండా అడిగాను.

“రేపు మనోళ్ల ఆట ఎన్నింటికిరా?”