కుందేలు పిల్లలకు నా గ్యారంటీ

గాజువాక దగ్గర మా కాలనీ తుఫాన్లను తట్టుకుంది, నీళ్లు రాని ఎండాకాలాలను తట్టుకుంది. కుందేళ్ల దగ్గర మాత్రం చేతులెత్తేసింది. కారకుడెవరని మా వీధిలో ఎవరినడిగినా నా గేటు వైపే వేలు చూపిస్తారు. నాకప్పటికి అరవై రెండేళ్లు. తెలిసీ తెలియని వయసు.

గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో చేరి, తనిఖీ విభాగంలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నేనలా ఓరచూపు చూస్తే ఉక్కు కడ్డీ తన లోపం తానే ఒప్పుకునేది. మంచి కడ్డీకి ఒక రంగు చుక్క, పనికిరానిదానికి ఇంకో రంగు చుక్క పెట్టడం నా ఉద్యోగం. ఆ చుక్కలే నన్ను ముంచాయి.

సబ్బవరం సంతలో ఒక తెల్ల కుందేలును కొని మల్లి అని పేరు పెట్టాను. ఇంటికొచ్చిన కొద్దిరోజులకే అది పొట్టమీది బొచ్చు పీక్కుని గూట్లో పరచసాగింది. "గజ్జి" అని ఒక్క చూపులో తేల్చాను. తెల్లారేసరికి ఆ గజ్జిలో ఏడు పిల్లలు కదులుతున్నాయి.

నా భార్య సత్యవతి వాటిని చూసి మురిసిపోయింది, ఆ వెంటనే చట్టం చేసింది.

"ఒకదాన్ని ఉంచుకుందామండి. మిగతావి పాలు మరిచాక మంచి ఇళ్లకు పంపాలి. ఒంటరిగా ఉంటే దిగులు పెట్టుకుంటాయి, జంటలుగా ఇద్దాం. ఆడవీ మగవీ మాత్రం కలవకూడదు. మళ్లీ పిల్లలంటూ ఈ గుమ్మం ఎక్కితే వాటితోబాటు మీ మకాం కూడా డాబా మీదే."

"కడ్డీలు చూసిన కళ్లు ఇవి" అన్నాను.

రెండు నెలలు నిండాక పిల్లల్ని వరసగా ఒళ్లోకి తీసుకుని తనిఖీ చేశాను. ఆడపిల్లల నుదుట పసుపు, మగపిల్లల నుదుట కాటుక. పని ముగించి, మీసం దువ్వుకుని పడుకున్నాను. పొద్దున్న చూస్తే మల్లి అందరి ముఖాలూ శుభ్రంగా నాకింది. మిగిలిన రంగేదో పిల్లలు కుప్పగా పడుకుని ఒకదానికొకటి పూసుకున్నాయి. అన్నీ పసుపే, అన్నీ కాటుకే.

మళ్లీ చూడొచ్చు కదా అంటారు మీరు. చూశాను. మొదటిసారి ఏం చూశానో నాకే గుర్తు రాలేదు. దాంతో గుణాన్నిబట్టి తేల్చేశాను. నెమ్మదిగా కూర్చున్నది ఆడ, గెంతింది మగ. అన్నిటికంటే నెమ్మదైనదాన్ని లక్ష్మి అని మేం ఉంచుకున్నాం. మిగతా ఆరూ మూడిళ్లకు వెళ్లాయి.

"పిల్లలు పుట్టవు గదండీ?" అని అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే జవాబు.

"పుడితే నాకు తెచ్చివ్వండి. నాది గ్యారంటీ."

కొన్ని నెలలకు ఆ గ్యారంటీ వందల కుందేళ్ల రూపంలో నా గేటు ముందు నిలబడింది. వందలు కాదులెండి, మూడిళ్ల నుంచీ పాలు మరిచిన పిల్లలు మూడు బుట్టలు. కానీ సత్యవతి చూపుతో హెచ్చవేస్తే వందలే. ఆమె లోపలికెళ్లింది. నా దిండు తీసుకెళ్లి డాబా మెట్ల మీద పెట్టింది.

అప్పుడు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. నిజం చెప్పాలంటే పక్కింటి నూకరాజుకు వచ్చింది. అతను ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లే మనిషి.

"ఏటి బావ, దిండట్టుకుని అలగ కూకున్నావు?"

సంగతి చెప్పాను.

"ఓస్, ఇంతేనేటి. మా రేవులో సేపలకి ఏలం పాట ఎట్టినట్టు ఈటికీ ఎట్టీ. డబ్బులొద్దు. ఎవులు బాగా సూత్తామంటే ఆలకే. నాను పాట పాడతాను, సత్యవతప్ప తీర్పు సెప్తాది."

ఈసారి పశువుల డాక్టరు గారొచ్చి అన్నిటినీ చూసి, ఆడవాటిని ఒక బుట్టలో, మగవాటిని ఇంకో బుట్టలో వేశారు.

"మన లక్ష్మిని కూడా చూపించండి" అంది సత్యవతి.

"నా కళ్లముందు పెరిగిన పిల్ల, దానికి డాక్టరెందుకు?" అన్నాను. మల్లికీ దానికీ మొదట్నుంచీ పడదని వేరే గూళ్లలో ఉంచాం. తల్లీకూతుళ్ల కీచులాటే అనుకున్నాను.

ఆదివారం మా వాకిట్లో పాట మొదలైంది.

"ముద్దొచ్చే జత! ఏటి పెడతారు?" అని నూకరాజు గొంతెత్తాడు.

"రోజూ ముల్లంగి ఆకులు" అంది ఒకావిడ.

"ఆకులతోబాటు గడ్డి. మధ్యాహ్నం గూటి మీద తడిగోనె" అంది ఇంకొకావిడ.

రుషికొండలో కంప్యూటరు ఉద్యోగం చేసే అబ్బాయి లేచాడు. "రోజూ షాంపూతో స్నానం చేయిస్తానండి."

"కుందేలుకు స్నానం పడదు. కూర్చో నాయనా" అంది సత్యవతి.

వెనకనుంచి ఒకాయన, "ఒక్కోటి ఎన్ని కిలోలు తూగుతుందండీ?" అన్నాడు.

"మీరు బయల్దేరండి" అంది సత్యవతి.

ఆఖరి ఆడజత దగ్గర నూకరాజు తనే పాటలోకి దిగాడు. "తుపానొత్తే ముందు ఈటిని మేడెక్కించి, అప్పుడే నా వలలు సర్దుకుంటాను." దాన్ని మించి ఎవరూ పాడలేకపోయారు.

బుట్టలన్నీ ఖాళీ అయ్యాయి. పక్క కాలనీలవాళ్లు కూడా మెచ్చుకున్నారు. సత్యవతి నా దిండు కిందికి తెచ్చి, "మీరు సామాన్యులు కారండి" అంది. పెళ్లయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. నేలమీద నడిచానో లేదో గుర్తులేదు.

మూణ్ణాలుగు నెలలైనా ఆ ఊపు దిగలేదు. అప్పుడు నూకరాజు వేటకెళుతూ, తన జతను నాలుగు రోజులు చూడమని మాకప్పగించాడు. నాకు ఔదార్యం పొంగింది. ముగ్గురూ ఆడపిల్లలే, సరదాగా ఆడుకుంటారని వాటిని లక్ష్మి గూట్లో వదిలాను. లక్ష్మి ఎంత సంబరపడిందో చెప్పలేను.

నెల తిరిగాక నూకరాజు గేటు తీశాడు. చేతిలో రెండు బుట్టలున్నాయి.

"బావ, రెండూ ఒకేపాలి ఈనీసినాయి. మరి డాక్టరు గారు ఆడవే అన్నారు గదేటి?"

"ఆడవే" అన్నాను. సత్యవతి వచ్చి బుట్టల్లోకి తొంగిచూసింది.

ముగ్గురం మెల్లగా లక్ష్మి వైపు తిరిగాం. అది క్యారెట్టు నములుతూ తృప్తిగా మమ్మల్ని చూసింది.

"మీ ఇంట్లో ఉండగానే అయ్యింది. గ్యారంటీ ఉంటాది గదా బావ?"

పాలు మరిచాక ఆ పిల్లలకూ పాట పెట్టాం. రెండోసారి జనం మొదటిసారికంటే ఎక్కువొచ్చారు, ఒక్క పిల్ల మిగల్లేదు. లక్ష్మికి డాక్టరు గారు ఆపరేషన్ చేశారు, పేరు మాత్రం అలాగే ఉంచాం. నేను డాబా మీదనుంచి రాస్తున్నాను. ఇక్కడ గాలి బాగుంటుంది, పోర్టులో ఓడలన్నీ కనిపిస్తాయి. ఓడలు కావులెండి, నూకరాజు నీళ్ల ట్యాంకు.

లక్ష్మి తలమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ప్రాణినీ ఆడో మగో తేల్చను. గేటు దగ్గర పిల్లి కనిపించినా డాక్టరు గారిని అడిగాకే 'ఏరా' అనాలో 'ఏమే' అనాలో నిర్ణయించుకుంటాను.