గుడ్డు కాని కోత

గత ఏప్రిల్‌లో సైదాబాద్‌లోని ఒక ట్యూషన్ సెంటర్‌లో జరిగిన సంగతి ఇది. శంకువును ఏటవాలుగా కోస్తే వచ్చే దీర్ఘవృత్తానికి రెండు కొసలూ సమానమని మా అమ్మాయి తరగతిలో చెప్పింది.

"దీర్ఘవృత్తమన్నా అండాకారమన్నా ఒకటే. అండాకారమంటేనే గుడ్డు. శంకువు లావున్న దిక్కు గుడ్డు గూడ లావైతది," అని లెక్కల సారు ఆమెను బయటికి పంపించాడు. క్షమాపణ చెబితేనే లోపలికి రానిస్తానన్నాడు.

మరునాడు నేను శంకువులాంటి కుల్ఫీ కొనుక్కొని, అమ్మాయిని వెంటబెట్టుకొని వెళ్లి, పిల్లలందరి ముందూ దాన్ని ఏటవాలుగా కోశాను. కోసిన ముఖాన్ని కాగితంపై అద్ది, తడి మరక చుట్టూ గీత గీసి, రెండు కొసలూ కలిసేలా కాగితం మడిచాను. సగం మీద సగం సరిగ్గా కూర్చుంది.

"గుడ్డు ఏది సార్?" అని అడిగాను.

"కుల్ఫీ కరిగిందన్నా, గందుకే గట్లొచ్చింది."

"రెండు దిక్కుల సమానంగ కొలుచుకొని కరిగిందా సార్?" అంది మా అమ్మాయి. తరగతి గొల్లుమంది.

"గింత తెలివుంటే నా దగ్గరేం పని? తోల్కపో అన్నా!" అని అరిచాడు.

తీసుకొచ్చేశాను. ఆకారాన్ని చూసి పేరు పెడతారే గాని, పేరును చూసి ఆకారం మారదు. ఆ మాత్రం తెలియని మనిషికి చెప్పదగిన క్షమాపణ మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.