పేరు పెట్టని సమీక్ష

మా కెమిస్ట్రీ సారు పోయారు. మంచిర్యాల కాలేజీలో పొద్దున మొదటి క్లాసు చెప్పడానికి వెళ్తుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న లేడక్కా" అని, ఇంకేమీ చెప్పలేకపోయింది. క్లాసు వదిలేసి గోదావరిఖని బస్సెక్కాను. బస్సులో ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాది ఇంకా దిగలేదు.

డిగ్రీలో ఆయన ల్యాబుకు ఒక పద్ధతి ఉండేది. ప్రయోగంలో వచ్చిన ఫలితాలను, ఆయన సంతకం పెట్టకముందే, వరండా గోడకు అంటించాలి. దారిన పోయే ఎవరైనా చదివి, తప్పుంటే పక్కన పెన్సిల్‌తో రాయొచ్చు. రాసినవాళ్లు కింద పేరు పెట్టాలి. "పేరు వెట్టనోని మాట నాకొద్దు" అనేవారు. ఒకసారి నేను ఆయన లెక్కలోనే తప్పు పట్టి పేరు రాస్తే, క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు తినిపించి, ఆ కాగితం వచ్చినవాళ్లందరికీ చూపించారు. "రీడింగులు మరీ మంచిగొస్తే ముందుగాల అనుమానపడాలె" అనేవారు, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ. నేను ఈ చదువులో నిలబడ్డానంటే ఆయన వల్లే.

లెక్చరర్‌నయ్యాక, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్క కాలనీల్లో డాబాల మీద గాజు సీసాలు పెట్టి, రాలే దుమ్ము కొలిచాను. నేను పెరిగిన కాలనీలే అవి. మా అమ్మ బట్టలు ఇంట్లోనే ఆరేసేది. వ్యాసం రాసి తీసుకెళ్తే సారు ఓపికగా చదివారు. మంచిగుందన్నారు. సైన్సు పత్రికకు పంపేముందు ప్రీప్రింట్‌గా పెట్టమన్నారు. అంటే ఎవరి ఆమోదమూ లేకుండానే, అందరూ చదివేలా ఇంటర్నెట్‌లో ఉంచడం. ల్యాబు గోడ లాంటిదే కదా అని సంతోషంగా పెట్టాను.

పత్రికవాళ్లు వ్యాసాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపి అభిప్రాయం అడుగుతారు. వాళ్లెవరో మనకు చెప్పరు. మొదటివారు వేసుకోవచ్చన్నారు. రెండోవారు వద్దన్నారు. ఎండాకాలం కొలతలతో ఏడాది మొత్తానికీ తీర్పు చెప్పానని, తొందరపడ్డానని రాశారు. వ్యాసం తిరిగొచ్చింది. సారు ఇంటికెళ్లి ఏడ్చాను. ఆయనే చాయ్ పెట్టి ఇచ్చి, ఎవడో తెలియనివాడు రాశాడు, ఫికర్ చెయ్యకన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ తెలియనివాణ్ని తిట్టిపోసేదాన్ని. సారు తలూపుతూ వినేవారు.

పోయిన నెల సారు దవాఖానలో ఉంటే చూడ్డానికి వెళ్లాను. ఆయన భార్య మందులకని బయటికి వెళ్లినప్పుడు చెప్పారు.

"గా రెండోది నేనే రాసిన బిడ్డా."

అభిప్రాయం కోసం తెలిసినవాళ్ల వ్యాసం వస్తే ఆ సంగతి పత్రికకు చెప్పి తప్పుకోవాలి. అది నాకు నేర్పింది కూడా ఆయనే. నా ముందు ఎందుకు అనలేదని అడిగాను.

"నువ్వు గంత సంబురంగ తెచ్చినవ్. మొకం మీద చెప్పబుద్ధి కాలే."

"చాయ్ పోసి ఓదార్చబుద్ధి మాత్రం అయిందా సార్?"

అప్పుడే ఆయన భార్య మందులతో లోపలికొచ్చారు. మా మధ్య అదే ఆఖరి మాట.

ఆయన రాసింది తప్పని అందామా అంటే, అదీ కుదరదు. ఆ తెలియనివాడిదే తప్పని చూపిద్దామని ఈ వానాకాలమంతా సీసాలు పెట్టి చూశాను. నేను రాసినంత దుమ్ము లేదు. నా పనిని అంత శ్రద్ధగా ఇంతవరకు ఎవరూ చదవలేదు. ఆ చదివిన మనిషి ఎదురుగా కూర్చుని నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే తల వంచుకుని అప్పుడే మళ్లీ కొలిచేదాన్ని, బతికినన్నాళ్లూ చెప్పుకునేదాన్ని. నా ఏడుపు తట్టుకోలేక నన్ను మోసం చేశారు. ఆయన రుణం తీరనిది, ఈ మోసం మరవలేనిది. రెండూ ఒకే మనిషివి.

కర్మ అయిన మర్నాడు వాన కొలతలు చేర్చి, వ్యాసాన్ని దిద్ది మళ్లీ ఇంటర్నెట్‌లో పెట్టాను. అక్కడ ప్రతి వ్యాసం కిందా చదివినవాళ్లు తమ పేరుతో అభిప్రాయం రాసే చోటు ఒకటి ఉంటుంది. పాత ప్రతి తెరిచి, కిందికి జరిపి చూశాను. పెట్టిన రోజు నుంచీ ఆ చోటు తెరిచే ఉంది. అందులో ఒక్క అక్షరం లేదు.