నా కొడుకు సొంత పనిమీద వెళ్లలేదు

ఒరే బుల్లిగా...

నిన్న మధ్యాన్నం నీ నెంబర్ నుంచి ఫోనొచ్చింది. ఎత్తి “ఏట్రా” అన్నాను.

అవతల వేరే గొంతు. “హోంగార్డు అప్పలరాజు ఇంటివాళ్లా?”

వన్ టౌన్‌లో లారీ వెనక్కొస్తూ గుద్దీసిందట.

నాను నమ్మలేదు. నీ డ్యూటీ మద్దిలపాలెంలో కదా. ఎవడో నీ ఫోన్ కొట్టీసి ఆటలాడతన్నాడనుకున్నాను. కట్ చేసీసాను కూడా.

మళ్లీ మోగింది. ఈసారి మీ అయ్య ఎత్తాడు.

ఆయన మొకం చూశాక ఇంక అడగలేదు.

నాను ఎవరినీ తొందరగా నమ్మనని మావాళ్లందరికీ తెలుసు. కన్న కొడుకుని కూడా నమ్మలేదు.

హోంగార్డు ట్రైనింగని తెల్లారకుండా బూట్లేసుకుని పోయేవాడు. చేతులు బొబ్బలెక్కి, మెడ మాడిపోయి ఇంటికొచ్చేవాడు. ఎవరితోనో గొడవలు పడతన్నాడని సంచి వెతికాను. బూట్ పాలిష్ డబ్బా, తడిసిన బనీను. అంతే.

“లాఠీ తిప్పడం నేర్పుతన్నారమ్మా. పెరేడ్ సేయిత్తన్నారు.”

“పర్మినెంటేనా?”

“కాదమ్మా. హోంగార్డంటే వాలంటీరే. పోలీసోళ్లకి సాయం. డ్యూటీ ఏసిన రోజు ఎల్లాలి.”

“పర్మినెంట్ కానిదానికి ఆ ఎండలో పరిగెట్టడం ఏటి? నిన్నెవడో మోసం సేత్తన్నాడు.”

“నన్ను కాదే, నిన్ను తీసుకోవాల్సింది పోలీసులోకి” అని ఒకటే నవ్వు.

డ్యూటీ పడిన కొత్తలో మొకానికి కొంగు చుట్టుకుని సిటీ బస్సెక్కాను, నిజంగా అక్కడ ఉన్నాడో లేడో చూద్దామని.

మద్దిలపాలెం జంక్షన్లో నువ్వు చెయ్యెత్తావు.

బస్సు ఆగిపోయింది. దాని వెనకాల కార్లు, ఆటోలు, అన్నీ.

నా కొడుకు చెయ్యికి అంత బస్సు ఆగింది.

సాయంత్రం ఇంటికొచ్చి, “కొంగేసుకుంటే తెల్దనుకున్నావేటి? బస్సు మొత్తంలో కిటికీలోంచి తల బయటెట్టింది నువ్వొక్కదానివే. ఫైన్ రాయాల్సింది నీకు” అన్నావు.

ఇంకోసారి పొద్దున్నే వెళ్తే ఆ పాయింట్లో నువ్వు లేవు. పాయింటంటే డ్యూటీకి నిలబడమన్న చోటు. అక్కడ వేరే కుర్రాడున్నాడు.

“రాజు కొండకెళ్లాడమ్మా, అప్పన్న దర్శనానికి. నేను సలీమ్. మా ఇద్దరిదీ ఒకటే బ్యాచ్” అన్నాడు.

ఇంటికొచ్చాక నిలదీశాను. అప్పుడు చెప్పావు. సలీమ్ డ్యూటీ మధ్యాన్నం, వన్ టౌన్‌లో. నీది పొద్దున్న. నువ్వు కొండకెళ్తే నీ పాయింట్లో వాడు నిలబడతాడు. శుక్రవారం వాడు నమాజుకెళ్తే, నువ్వు నీ డ్యూటీ దిగీసి అట్నుంచటే వెళ్లి వాడి పాయింట్లో నిలబడతావు. వాడొచ్చేదాకా.

“సారుకి చెప్పి సెయ్యండ్రా. రేపేదైనా అయితే?”

“చెప్తే ఒప్పుకోరమ్మా. కాసేపటి పని. మా బ్యాచ్‌లో అందరం ఇంతే.”

నిన్న శుక్రవారం. ఫోనొచ్చినప్పుడు నాకు అది గుర్తుకే రాలేదు.

ఇవాళ పొద్దున్న నిన్ను ఇంటికి తెచ్చారు. స్టేషన్ నుంచి ఒక సారు దండ పట్టుకొచ్చారు. మీ అయ్య ఒకటే అడిగాడు. “మావోడు డ్యూటీలో పోయాడని రాస్తారు కదండీ?”

“రాయలేమండీ. పొద్దున్న డ్యూటీ అప్పటికే దిగిపోయాడు. అక్కడికి సొంత పనిమీద వెళ్లాడు.”

సొంత పనట.

యూనిఫాం ఏసుకుని, ఈల నోట్లో పెట్టుకుని, మండుటెండలో లారీల మధ్యన ఏటండీ సొంత పని?

లారీ ఎవరిదని అడిగితే ఎంక్వయిరీ అన్నారు. ఆ మాటన్న సారు నా మొకం చూడలేదు.

సలీమ్ వచ్చాడు. వీధి చివర ఆటో పక్కన నిలబడ్డాడు. దగ్గరికి రాడు, వెళ్లిపోడు.

నా కళ్లు వాడిమీదే. వీడు చెప్పడు అనుకున్నాను. చెప్తే వాడి డ్యూటీ పోద్ది. ఇంట్లో చంటిపిల్ల ఉంది. వాడి తల్లినైతే నోరు మూసుకోమనే చెప్తానేమో.

పాడె ఎత్తబోతన్నారు. అప్పుడొచ్చాడు.

“సార్, ఆ పాయింట్ నాది. నేను నమాజుకెళ్లాను. నేను పిలిస్తేనే రాజు వచ్చాడు.”

“ఇప్పుడెందుకయ్యా అవన్నీ? తర్వాత మాట్లాడదాం.”

“ఇప్పుడే సార్. వాడు వెళ్లిపోయాక ఎవరు వింటారు?”



 మీ అయ్య పాడె కింద కాస్త జరిగి వాడికి చోటిచ్చాడు.

సారు “చూద్దాం” అన్నారు.

చూద్దాం అన్న మాటని నాను నమ్మను. అందుకే ఏడుపు ఆపుకుని ఫోన్లో అందరూ చూసేలా ఇది రాత్తన్నాను. నాకు పెద్ద చదువు లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. పొద్దున్న మా వీధిలో సలీమ్ చెప్పిన మాట చెవులారా విన్నోళ్లు, “విన్నాను” అని కింద రాసి మీ పేరు పెట్టండి. రేపు ఎవరూ మాట మార్చకుండా.

బ్యాచ్ పిల్లలూ, మీరు కూడా. మీరు పాయింట్లు మార్చుకుంటారని మీకు తెల్దా?

నా కొడుకు డ్యూటీలో పోయాడు. అది రాయాలి. నాకు కావాల్సింది అదొక్కటే.

సలీమ్‌ని తీసేస్తే అదీ ఇక్కడే రాస్తాను.

సలీమూ, నీమీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. చాలా ఉంది. అయినా మా గుమ్మం తొక్కడం మానకు.

బుల్లిగా, ఎండలో నిలబడింది చాలు నాన్నా. ఇంక నీడపట్టున కూకో. అప్పన్న సామి నిన్ను చల్లగా చూసుకోవాలి.

ఇది చదివినోళ్లంతా, డ్యూటీలకెళ్లే పిల్లలు మరీను, వేళకి కడుపు నిండా తినండి.